కాసుపై చక్రవర్తి

పెడనలో అద్దకపు పాకలోనికి పోయి కొంతసేపు నిలిచినవారికి, బల్లపై పరచిన నూలుబట్టమీద రంగులో అద్దిన టేకు అచ్చును మోపి పిడికిటితో ఒక్క పోటు వేయు పనివాని చేతి నిబ్బరము తెలియగలదు. రోమునందు సువర్ణము నాణెమైనదియు నిట్టి పోటుచేతనే: రెండచ్చుల నడుమ బంగారు బిళ్ళ నుంచి సుత్తితో మోదగా, చక్రవర్తి ముఖ మొకవైపునను దేవతామూర్తి వేరొకవైపునను తేలెడివి.

ఆ బంగారము మన యాంధ్రతీరమునకు వచ్చుటకు మన బట్టయే కారణము. ఎరిత్రియా సముద్ర యాత్రను వర్ణించిన క్రీ.శ. మొదటి శతాబ్ది గ్రంథము, తాను మసాలియా యని పిలిచిన మన యీ తీరసీమలో సన్నని నూలువస్త్రములు విరివిగా తయారగునని చెప్పుచున్నది. భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల రేవును పండితులు మన ఘంటసాలగా గుర్తించిరి. అచటి శాసనమొకటి శివకుడను మహానావికుని పేర్కొనుచున్నది. ఏటేట అయిదుకోట్ల సెస్టర్సుల (రోమక నాణెముల) ధనము హిందూదేశము పాలగుచున్నదని రోమక రచయిత ప్లినీ వాపోయెను.

1889లో, నాటి కృష్ణామండలములోని వినుకొండయందు, టైబీరియసు మొదలు కరకల్లా వరకు గల చక్రవర్తుల బంగారు నాణెములు 15 బయల్పడినవి. నాగార్జునకొండ త్రవ్వకములలోను టైబీరియసు నాణెమొకటియు, మరణానంతరము దేవతగా కొలువబడిన రాణి ఫౌస్టీనా నాణెమొకటియు లభించినవి. టైబీరియసు నాణెములలో ప్రసిద్ధమైన దానిని చేతబట్టి చూడుడు: ఒకవైపున ఆకుల దండ ధరించిన శిరస్సు, రెండవవైపున, ఒక చేత దండమును వేరొక చేత కొమ్మను ధరించి పీఠముపై ఆసీనయైన స్త్రీ. ఆమె శాంతిదేవతారూపమున నున్న రాజమాత లివియా యని పలువురి తలంపు. లాటినులిపి నెరుగని మన వర్తకునికి లివియా యెవరో, రోమకుల శాంతి యేదో తెలిసియుండదు. పీఠముపై కొలువుదీరిన ఆ స్త్రీమూర్తిలో అతడు తానెరిగిన శ్రీదేవినే చూచియుండునని నా విశ్వాసము.

అతడేమి తలచెనో నిశ్చయముగా చెప్పజాలము గాని, ఈ నాణెములను మనవా రాభరణములుగా ధరించిరనుట కేవలము నా భావుకత కాదు. హిందూదేశమున దొరకిన రోమక సువర్ణములు కొన్నిటికి చక్రవర్తి శిరస్సునకు పైభాగమున రెండేసి రంధ్రములు కానవచ్చును. దారము గ్రుచ్చి వ్రేలాడదీసినపుడు ముఖము నిటారుగా నిలుచుటకే ఆ స్థలము నెన్నుకొనిరి. రాజ్యాధికారమును చాటుటకై ముద్రింపబడిన ముఖ మీ విధముగా ఆభరణమాయెను. నేటికిని మన యిండ్ల పెండ్లిండ్లలో కాసులపేరు ధరించు స్త్రీ కంఠమున, కాసుకాసునను లక్ష్మి పద్మాసనస్థయై కూర్చుండియే యున్నది.