క్రీమ్ పేరు మారింది, మరి మన చూపు?

ఈ రోజు ఒక క్రీమ్ ట్యూబ్ చరిత్ర చెప్తాను. 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. దాని యాడ్స్ చాలావాటిలో కథ ఒకటే: రంగు తేలితేనే ఉద్యోగం, పెళ్లి. తెలుపు మీద మోజు అంతకుముందే ఉంది. టీవీ దాన్ని రోజూ నట్టింట్లోకి తెచ్చింది.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. షాదీ డాట్ కామ్‌లో ఒంటి రంగు కూడా ఒక ఫిల్టర్ అయింది! 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత వర్ణవివక్షపై ప్రపంచమంతా గొంతెత్తింది. ఆ వేడికి ఆ ఫిల్టర్ పోయింది, క్రీమ్ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది.

మరి గెలిచామా? నాకైతే అలా అనిపించట్లేదు. మనం అడగకపోయినా ముఖాన్ని తెల్లగా చేసే బ్యూటీ ఫిల్టర్లు ఇప్పుడు మన చేతిలోనే ఉన్నాయి. ఒకప్పుడు పక్కింటి అమ్మాయితో పోల్చేవాళ్లు. ఇప్పుడు మన ముఖాన్ని మన ఫొటోతోనే పోల్చుకుంటున్నాం. చామనఛాయ ఒక రంగు, లోపం కాదు. ఈసారి సెల్ఫీ ఫిల్టర్ లేకుండా తీయండి.