ఇంట్లో మీరే ఉంటారా?

న్యూజెర్సీలో ఉన్న మా బెజవాడ మిత్రుడొకడు మొన్న ఫోన్ చేశాడు. రెండు కుటుంబాలుండే ఇల్లు కొంటున్నాడట. పై వాటాలో తనే ఉంటానని అప్పు కాగితాల మీద సంతకం పెట్టాలి. వాడి ఉద్దేశమేమో రెండు వాటాలూ అద్దెకిద్దామని. "సంతకమే కదరా! మన ఊళ్ళో ఇలాంటివి ఎవడడిగాడు?" అన్నాడు.

అడిగారు నాయనా. కాకపోతే అడిగింది అప్పిచ్చినవాడు కాదు.

సత్యనారాయణపురం పాత ఇళ్ళు గుర్తున్నాయా? ముందు వాటాలో ఇంటాయన, వెనక వాటాల్లో అద్దెవాళ్ళు. రైల్వే జంక్షన్, కాలవలు, వ్యాపారం... జనం వస్తూనే ఉన్నారు, ఇళ్ళు మాత్రం చాలవు. ఇలాంటి ఊళ్ళలో అద్దెవాళ్ళకి రక్షణగా మద్రాసు ప్రభుత్వం 1949లో ఓ చట్టం చేసింది. తెలంగాణలో అమల్లో ఉన్న 1954 నాటి హైదరాబాదు చట్టాన్నీ దీన్నీ తీసేసి 1960లో ఆంధ్రప్రదేశ్ ఒకే అద్దె నియంత్రణ చట్టం తెచ్చింది.

దాని ప్రకారం అద్దెవాణ్ణి ఊరికే పొమ్మనడానికి ఉండేది కాదు. నేనే ఉండాలి అంటే రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేసుకోవాల్సి వచ్చేది. అదే ఊళ్ళో సొంతింట్లోనే ఉంటూ ఇంకో ఇల్లు కూడా నాక్కావాలంటే మామూలుగా కుదిరేది కాదు. ఓ వాటాలో తనుంటూ, కొడుక్కి పెళ్ళయింది, చోటు చాలటం లేదు, రెండో వాటా కూడా కావాలి అంటే? దానికీ 10వ సెక్షన్లో వేరే క్లాజు పెట్టారు. అయితే అక్కడ తక్కెడ వేసేవారు. ఇంటాయనకి కలిగే సుఖం కన్నా అద్దెవాడికి కలిగే కష్టం ఎక్కువైతే కేసు కొట్టేసేవారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ తర్వాతి నిబంధన. నేనుంటానని ఖాళీ చేయించాక, ఇల్లు చేతికొచ్చిన నెలలోగా ఇంటాయన అందులో దిగాల్సి ఉండేది. దిగి, సరైన కారణం లేకుండా ఆర్నెల్లలోపు వదిలేసినా తప్పే అయ్యేది. పాత అద్దెవాడు ఇల్లు తిరిగి ఇప్పించమని కంట్రోలర్‌ని అడిగే వీలుండేది! (1983లో వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకి మినహాయింపు ఇచ్చేశారు, దాంతో పెద్ద ఇళ్ళు ఈ గొడవలోంచి బయటపడ్డాయి.)

ఇప్పుడు మావాడి కాగితం చూడండి. అమెరికాలో ఎఫ్.హెచ్.ఎ. పుట్టింది 1934లో. ఆ హామీతో ఇచ్చే అప్పుల్లోంచి పెట్టుబడిదార్లని పక్కకి తప్పించింది 1989 నాటి చట్టం. నాలుగు వాటాల దాకా కొనుక్కోవచ్చు, కానీ ఒక దాంట్లో 60 రోజుల్లోగా దిగాలి, కనీసం ఏడాదుండాలి. క్రెడిట్ స్కోరు 580 దాటితే మూడున్నర శాతం చేతిడబ్బు చాలు. ఈ దారి కాకుండా, రెండూ అద్దెకేనని నిజం చెప్పి మామూలు అప్పు తీసుకుంటే పాతిక శాతం దాకా అడుగుతారు. తేడా ఎందుకంటే, తలదాచుకునే ఇంటి వాయిదా ఎవడూ అంత తేలిగ్గా ఎగ్గొట్టడని నమ్మకం. అంటే మావాడు ఆ నమ్మకాన్నే దొంగ సంతకంతో చవగ్గా కొంటున్నాడన్నమాట. అది అక్కడ ఫెడరల్ నేరం.

మన బ్యాంకులు ఉంటావా అని అంతగా పట్టించుకోలేదు, ఇళ్ళు లెక్కపెట్టాయి. మూడో ఇంటి నుంచి వ్యక్తికిచ్చే అప్పుని కూడా వాణిజ్య రియల్ ఎస్టేట్ కింద చూడమని రిజర్వ్ బ్యాంక్ 2013లో చెప్పింది. ఉంటావా అని అడిగే పని ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళది. పాత చట్టంలో తనుండే ఇంటి అప్పు వడ్డీకి 2001 బడ్జెట్లో లక్షన్నర, 2014లో రెండు లక్షలు పరిమితి. అద్దెకిచ్చిన ఇంటికైతే మొత్తం వడ్డీ. జీతంలోంచి ఆ నష్టం తీసేసుకునే సౌకర్యానికి 2017లో రెండు లక్షల కళ్ళెం వేశారు. ఆఫీసులో డిసెంబరు ప్రూఫులిచ్చేటప్పుడు సొంతుళ్ళో ఇల్లు, ఇక్కడ హెచ్.ఆర్.ఏ. అని మనం తలలు పట్టుకున్నది ఇందుకే కదా!

ఇదంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోనీ ఏడాది ఉంటే పోలా?" అన్నాడు. పై వాటాలో ఎన్ని గదులని అడిగాను. ఇంకా పైకెక్కి చూళ్ళేదట.