కొత్త వెర్షన్‌లో కనిపించని ప్యాకేజీలు: ఆర్ సాఫ్ట్‌వేర్ చరిత్ర నేర్పే పాఠం



మీ కంప్యూటర్‌లో ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ 4.2 వెర్షన్ ఉందనుకోండి. ప్రాజెక్టు కోసం దానిలో పదిహేను ప్యాకేజీలు చేర్చుకున్నారు. తరువాత 4.3 వెర్షన్ వేసుకున్నారు. పాత ప్రోగ్రామ్‌ను నడపబోతే మొదటి వరుసలోనే ఆగిపోయింది. ఆ పేరుగల ప్యాకేజీ ఏదీ లేదని తెర మీద సందేశం వచ్చింది. ప్రాజెక్టు సమర్పించవలసిన గడువు దగ్గరపడింది. కొత్తది వేయడం వల్ల పాతవన్నీ చెరిగిపోయాయని చాలామంది ఈ దశలోనే కంగారుపడతారు.

నిజానికి చాలా సందర్భాల్లో ఏదీ చెరిగిపోదు. ఆ ప్యాకేజీలు ఉన్న చోటనే ఉంటాయి. కొత్త వెర్షన్ వేరొక చోట వెతుకుతుంది, అంతే. ఎందుకిలా జరుగుతుంది? సాఫ్ట్‌వేర్‌తో పాటే ఎందుకు అన్నీ రావు? ఈ ప్రశ్నలకు సమాధానం ఆర్ పుట్టిన తీరులోనూ, అది పెరిగిన తీరులోనూ ఉంది. ముందు ఆ చరిత్రను చూద్దాం. ఆ తరువాత దాని ఆధారంగా, తప్పిపోయిన భాగాలను వెతికే క్రమాన్ని తెలుసుకుందాం.

బెల్ ల్యాబ్స్ నుంచి ఆక్లండ్ వరకు

1970వ దశకంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో గణాంక శాస్త్రజ్ఞులు ఫోర్ట్రాన్ భాషలో రాసిన ఉపప్రోగ్రాముల సంపుటిని వాడేవారు. అది శక్తిమంతమైనదే. కానీ చిన్న గ్రాఫ్ గీయాలన్నా ఒక ప్రోగ్రామ్ రాయవలసి వచ్చేది. ఆ ఇబ్బంది తొలగించడానికి జాన్ చాంబర్స్, ఆయన సహచరులు 1976లో ఎస్ అనే భాషను రూపొందించడం ప్రారంభించారు. దత్తాంశాలతో నేరుగా సంభాషిస్తున్నట్లు పనిచేసే వీలు కల్పించిన భాష ఇది. ఈ కృషికి చాంబర్స్‌కు 1998లో ఏసీఎం సంస్థ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఇచ్చింది. ఎస్ భాష తరువాత ఎస్-ప్లస్ పేరుతో వాణిజ్యరూపంలో అమ్మకానికి వచ్చింది.

1990వ దశకం తొలినాళ్లలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు ఉండేవారు. వారి బోధన ప్రయోగశాలలో మాకింతోష్ కంప్యూటర్లు ఉండేవి. వాటిపై విద్యార్థులకు నేర్పడానికి అనువైన సాఫ్ట్‌వేర్ దొరకకపోవడంతో, ఎస్‌ను పోలిన ఒక భాషను తామే తయారుచేశారు. ఇద్దరి పేర్లలోని తొలి అక్షరాన్ని తీసుకుని దానికి ఆర్ అని పేరుపెట్టారు. 1993లో దాని గురించి లోకానికి తెలియజేశారు. 1995లో ఎవరైనా ఉచితంగా వాడుకోవడానికి, మార్చుకోవడానికి, ఇతరులకు పంచడానికి వీలు కల్పించే లైసెన్సు కింద విడుదల చేశారు.

ఈ చివరి నిర్ణయమే మన సమస్యకు మూలం. అదే ఆర్ గొప్పతనానికీ మూలం. ఎలాగో చూడండి.

చిన్న కేంద్రం, పెద్ద గిడ్డంగి

ఉచితంగా విడుదలైన తరువాత దేశదేశాల నుంచి గణాంక శాస్త్రజ్ఞులు తమ పద్ధతులను ప్రోగ్రాములుగా రాసి పంపసాగారు. అన్నింటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో కూరడం కుదరదు. అందుకని 1997 ఏప్రిల్‌లో కర్ట్ హోర్నిక్, ఫ్రీడ్రిష్ లైష్ అనే శాస్త్రజ్ఞులు ఆస్ట్రియాలోని వియన్నాలో ఒక గిడ్డంగిని ఏర్పాటుచేశారు. దానికి క్రాన్ అని పేరు. ప్రారంభంలో అందులో ఇతరులు రాసి ఇచ్చిన ప్యాకేజీలు 12 మాత్రమే. నేడు వాటి సంఖ్య 20,000 దాటింది. అదే సంవత్సరం ఆర్ కేంద్రభాగాన్ని చూసుకునేందుకు ఆర్ కోర్ అనే చిన్న బృందం ఏర్పడింది. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వెలువడింది.

దీనివల్ల ఒక పని విభజన స్థిరపడింది. కేంద్రభాగం చిన్నది. దానితో పాటు వచ్చే ప్యాకేజీలు సుమారు 30 మాత్రమే. మిగిలినవన్నీ ఎవరికి కావలసినవి వారు గిడ్డంగి నుంచి తెచ్చుకోవాలి. మీరు కొత్త వెర్షన్ వేసినప్పుడు మీ కంప్యూటర్‌కు వచ్చేవి ఆ 30 మాత్రమే. మీరు తెచ్చుకున్నవి దానితో రావు.

ఒక ప్యాకేజీ అంటే కేవలం ఒక ఫైలు కాదు. దాని వెనుక ఒక శాస్త్రజ్ఞుని జీవితకాలపు కృషి ఉండవచ్చు. సర్క్‌స్టాట్స్ అనే ప్యాకేజీని ఉదాహరణగా తీసుకోండి. గాలి వీచే దిశ, పక్షులు ఎగిరే దిశ వంటి కోణాలను విశ్లేషించడానికి అది ఉపయోగపడుతుంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన తెలుగు శాస్త్రజ్ఞుడు ఎస్. రావు జమ్మలమడక, ఆశిస్ సేన్‌గుప్తాతో కలిసి 2001లో వెలువరించిన గ్రంథం దానికి ఆధారం. రావు పేరుతో ప్రసిద్ధమైన పరీక్ష కూడా అందులో ఉంది. కొత్త వెర్షన్ వేసినప్పుడు ఈ ప్యాకేజీ దానంతట అది రాదు. గుర్తుంచుకుని తెచ్చుకోవలసింది మనమే.

మూడు అంకెల అర్థం

ఆర్ వెర్షన్ సంఖ్యలో మూడు అంకెలు ఉంటాయి. 4.2.3 అనే సంఖ్యను చూడండి. చివరి అంకె చిన్న సవరణలకు గుర్తు. మధ్య అంకె సాధారణంగా ఏటా ఏప్రిల్ ప్రాంతంలో మారుతుంది. మొదటి అంకె అరుదుగా మారుతుంది. 2013లో 3.0.0, 2020లో 4.0.0 వచ్చాయి. ఆ రెండు సందర్భాల్లోనూ ప్యాకేజీలన్నింటినీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలని ఆర్ కోర్ బృందం స్పష్టంగా ప్రకటించింది.

విండోస్ కంప్యూటర్లలో మీరు తెచ్చుకున్న ప్యాకేజీలు ఒక సొంత ఫోల్డర్‌లో చేరతాయి. ఆర్ పరిభాషలో దాన్ని లైబ్రరీ అంటారు. ఆ ఫోల్డర్ పేరులో మొదటి రెండు అంకెలు ఉంటాయి. కనుక 4.2.1 నుంచి 4.2.3కు మారితే ఫోల్డర్ మారదు, ప్యాకేజీలన్నీ కనిపిస్తాయి. 4.2 నుంచి 4.3కు మారితే కొత్త ఫోల్డర్ ఏర్పడుతుంది, అది ఖాళీగా ఉంటుంది. పాత ఫోల్డర్ పక్కనే భద్రంగా ఉన్నా ఆర్ అందులోకి తొంగిచూడదు.

ఇలా విడదీయడానికి కారణం ఉంది. అనేక ప్యాకేజీలలో సీ, ఫోర్ట్రాన్ వంటి భాషల్లో రాసి యంత్రభాషలోకి మార్చిన భాగాలుంటాయి. అవి ఆర్ లోపలి నిర్మాణాన్ని ఆధారం చేసుకుని తయారవుతాయి. ఆ నిర్మాణం మారితే పాత భాగం కొత్తదానిలో సరిగా ఇమడకపోవచ్చు. ఒక రకం తాళానికి చేసిన చెవి మరో రకం తాళంలో దూరినా తిరగనట్లే.

2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2.0 వెర్షన్‌తో మరో మార్పు జరిగింది. అంతవరకు విండోస్‌లో డాక్యుమెంట్స్ కింద ఉండే ఈ లైబ్రరీ, యాప్‌డేటా అనే ఫోల్డర్‌లోకి మారింది. యాప్‌డేటా సాధారణంగా కంటికి కనిపించకుండా దాచి ఉంచిన ఫోల్డర్. అందువల్ల 4.1 నుంచి 4.2కు మారినవారికి అలవాటైన చోట కొత్త లైబ్రరీ కనిపించలేదు.

వెతికే క్రమం

ఈ చరిత్ర తెలిస్తే, ప్యాకేజీ కనిపించనప్పుడు అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

మొదటి ప్రశ్న: ఆర్ ఎక్కడ వెతుకుతోంది? లిబ్‌పాత్స్ అనే కమాండ్ ఇస్తే ఆర్ చూస్తున్న ఫోల్డర్ల జాబితా వస్తుంది. అందులో పాత వెర్షన్ ఫోల్డర్ లేకపోతే సగం సమస్య అర్థమైనట్లే.

రెండవ ప్రశ్న: పాత ఫోల్డర్‌లో ఏమేమి ఉన్నాయి? విండోస్‌లో పాత, కొత్త వెర్షన్లు రెండూ పక్కపక్కన ఉండవచ్చు. పాతదాన్ని తొందరపడి తొలగించకండి. పాత వెర్షన్‌ను తెరిచి, ఇన్‌స్టాల్డ్ ప్యాకేజెస్ అనే కమాండ్‌తో జాబితా తీసి భద్రపరచండి. కొత్త వెర్షన్‌లో ఆ జాబితా ప్రకారం మళ్లీ తెచ్చుకోండి. ఇది అన్నింటికంటే శుభ్రమైన మార్గం. పాత ఫోల్డర్ నుంచి ప్యాకేజీలను కొత్త లైబ్రరీలోకి కాపీ చేసే పద్ధతి కూడా ఉంది. అయితే ఆర్‌తో పాటు వచ్చే ప్యాకేజీలను కాపీ చేయకూడదు. కాపీ చేసిన వెంటనే, పాత వెర్షన్ కింద తయారైనవాటిని గుర్తించి మళ్లీ తెచ్చేలా, అప్‌డేట్ ప్యాకేజెస్ కమాండ్‌ను చెక్‌బిల్ట్ అనే షరతుతో నడపాలి. కాపీ చేసి ఊరుకుంటే పైకి అన్నీ ఉన్నట్లే కనిపిస్తాయి, పనిచేసేటప్పుడు మొరాయించవచ్చు.

మూడవ ప్రశ్న: తప్పిపోయింది అడిగిన ప్యాకేజీయేనా? ఒక ప్యాకేజీ మరికొన్నింటిపై ఆధారపడుతుంది. మీరు అడిగింది ఉండి, దానికి కావలసింది లేకపోయినా పని ఆగుతుంది. కనుక సందేశాన్ని చివరి వరకు చదివి, అందులో ఉన్న పేరు ఏదో చూడండి. లినక్స్‌లో పటాలకు సంబంధించిన ఎస్ఎఫ్ ప్యాకేజీకి జీడాల్ వంటి సాఫ్ట్‌వేర్ కూడా కంప్యూటర్‌లో ఉండాలి. అది ఆర్ గిడ్డంగిలో దొరకదు.

నాలుగవ ప్రశ్న: ఆ ప్యాకేజీ ఏ గిడ్డంగికి చెందినది? జన్యు పరిశోధనకు ఉపయోగపడే ప్యాకేజీలు ఎక్కువగా బయోకండక్టర్ అనే వేరొక గిడ్డంగిలో ఉంటాయి. 2001లో మొదలైన ఆ ప్రయత్నానికి ఆద్యుడు కూడా జెంటిల్‌మనే. దాని ప్రతి విడుదల ఒక ఆర్ వెర్షన్‌తో ముడిపడి ఉంటుంది. వాటిని క్రాన్‌లో వెతికితే దొరకవు.

ఐదవ ప్రశ్న: ప్యాకేజీయే విరమించుకుందా? పటాల విశ్లేషణలో ఏళ్ల తరబడి వాడిన ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ అనే మూడు ప్యాకేజీలను 2023 అక్టోబరులో క్రాన్ నుంచి ఉపసంహరించారు. వాటిని నిర్వహిస్తూ వచ్చిన రోజర్ బివాండ్ ముందుగానే ఆ సంగతి ప్రకటించి, ఎస్ఎఫ్, టెరా ప్యాకేజీలకు మారమని వాడుకరులకు సూచించారు. అలా విరమించినవి కూడా నశించవు. వాటి పాత ప్రతులు క్రాన్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉంటాయి.

చప్పుడు లేకుండా మారేవి

విద్యార్థులారా, ఇంతవరకు చెప్పినవన్నీ తెర మీద సందేశంతో తెలిసే లోపాలు. పని ఆగిపోతుంది కాబట్టి మీరు జాగ్రత్త పడతారు. సందేశం లేకుండా ఫలితాన్ని మార్చేవి అంతకంటే ప్రమాదకరమైనవి.

2019 ఏప్రిల్‌లో వచ్చిన 3.6.0 వెర్షన్‌లో యాదృచ్ఛిక నమూనాను ఎన్నుకునే శాంపుల్ ఫంక్షన్ పద్ధతిని మార్చారు. పాత పద్ధతిలో, జనాభా చాలా పెద్దదైనప్పుడు అందరికీ సమాన అవకాశం రాని ఒక లోపం ఉండేది. మార్పు మంచిదే. కానీ అదే ప్రోగ్రామ్, అదే ప్రారంభ సంఖ్య ఇచ్చినా 3.5లో వచ్చిన నమూనా వేరు, 3.6లో వచ్చిన నమూనా వేరు. ఒక గ్రామంలోని 500 కుటుంబాల నుంచి 50 కుటుంబాలను అలా ఎన్నుకుని ఉంటే, వెర్షన్ మారాక వచ్చే 50 కుటుంబాలు వేరే. ఏ వెర్షన్ వాడారో రాసి పెట్టుకోకపోతే, మీ లెక్క సరైనదేనని రుజువు చేసుకోవడమే కష్టమవుతుంది.

అలాగే 4.0.0 వెర్షన్‌లో, పట్టికలోకి చదివిన పదాలను వర్గాలుగా మార్చే పాత అలవాటును ఆర్ మానుకుంది. ఆ అలవాటును నమ్ముకుని రాసిన ప్రోగ్రాములను సవరించవలసి వచ్చింది.

మార్పు ఎప్పుడూ నష్టమే అనుకోకండి. విండోస్‌లో పూర్వం తెలుగు అక్షరాలున్న పట్టికను తెరిస్తే, చాలాసార్లు అక్షరాల బదులు యూనికోడ్ సంకేత సంఖ్యలు కనిపించేవి. 4.2.0 నుంచి, కొత్త విండోస్ వెర్షన్లపై ఆర్ యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిని సహజంగా వాడుతోంది. గ్రామాల పేర్లను తెలుగులోనే ఉంచి పనిచేసేవారికి ఇది పెద్ద వెసులుబాటు. వెర్షన్ మార్చకుండా కూర్చుంటే ఇటువంటివి అందవు.

ముందు జాగ్రత్త

కాబట్టి వెర్షన్ మార్చడం మానవద్దు. మార్చే ముందు రాసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. సెషన్ ఇన్ఫో అనే కమాండ్ ఆర్ వెర్షన్‌ను, ఆ సమయంలో వాడుతున్న ప్యాకేజీల వెర్షన్లను చూపుతుంది. దాన్ని మీ ప్రాజెక్టు నివేదిక చివర చేర్చండి. పెద్ద పనులకు రెన్వ్ అనే ప్యాకేజీ ఉంది. ఒక ప్రాజెక్టుకు వాడిన ప్యాకేజీల పేర్లను, వెర్షన్లను ఒక ఫైలులో నమోదు చేసి, అవసరమైనప్పుడు వాటినే తిరిగి తెచ్చిపెడుతుంది. పరీక్షలు, సమర్పణ గడువులు దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం వెర్షన్ మార్చకండి.

గణాంక శాస్త్రంలో ఒక ఫలితానికి విలువ వచ్చేది, మరొకరు అదే దత్తాంశాలతో అదే దారిలో నడిచి అదే చోటికి చేరగలిగినప్పుడు. ఆ దారిలో వాడిన పనిముట్లలో ఒక్కటి కనిపించకపోయినా, తెలియకుండా మారిపోయినా రెండవవారు అక్కడికి చేరలేరు. ఆ రెండవవారు ఎవరో కాదు, చాలాసార్లు ఒక సంవత్సరం తరువాతి మీరే.

అభ్యాసం

1. మీ కంప్యూటర్‌లోని ఆర్ వెర్షన్ సంఖ్యను రాసి, అందులోని మూడు అంకెల అర్థాన్ని వివరించండి.
2. పాత లైబ్రరీలోని ప్యాకేజీలను కాపీ చేసి అంతటితో ఊరుకోవడం ఎందుకు మంచిది కాదు?
3. సందేశం ఇచ్చి ఆగిపోయే లోపానికి, సందేశం లేకుండా ఫలితాన్ని మార్చే మార్పుకు ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి. వాటిలో ఏది ఎక్కువ ప్రమాదకరమో కారణాలతో చర్చించండి.