పాత బైకుల్లో ఛార్జింగ్ లోపం.. బ్యాటరీ మార్చే ముందు చూడవలసినవి

హారన్ మూగబోవడం, ఇండికేటర్లు వెలిగినట్టే వెలిగి ఆగిపోవడం, బ్రేకు నొక్కినా వెనుక ఎర్ర దీపం రాకపోవడం.. ఏళ్ల తరబడి తిరిగిన మోటారు సైకిళ్లలో తరచూ కనిపించే లోపాలివి. బ్యాటరీ పోయిందని భావించి యజమానులు కొత్తది వేయిస్తున్నారు. రెండు నెలలు గడవక ముందే మళ్లీ అదే పరిస్థితి. చాలా సందర్భాల్లో తప్పు బ్యాటరీది కాదు, దానికి కరెంటు అందించే ఏర్పాటుది.

1994లో మార్కెట్లోకి వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ పాత నమూనాలు నేటికీ పల్లెల్లో పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు మోస్తూనే ఉన్నాయి. వీటిలో ఇగ్నిషన్‌కు కావలసిన కరెంటు మాగ్నెట్ లోపలి ప్రత్యేక కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. హెడ్‌లైటు సైతం ఇంజిను తిరిగితే వచ్చే కరెంటుతోనే వెలుగుతుంది. కావున బ్యాటరీ పూర్తిగా చచ్చినా కిక్కు కొడితే బండి కదులుతుంది. ఈ సౌలభ్యమే ఏమరపాటుకు కారణమవుతోంది. హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు మాత్రం బ్యాటరీ మీదనే ఆధారపడి ఉంటాయి. చీకటి పడ్డాక రహదారిపై బ్రేకు వేసిన సంగతి వెనుక వచ్చే లారీ డ్రైవరుకు తెలియకపోతే జరిగే నష్టం ముందు బ్యాటరీ ఖరీదు ఏపాటిది?

మాగ్నెట్ తిరిగినప్పుడు కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది. దానిని డీసీగా మార్చి, హద్దు దాటకుండా బ్యాటరీకి పంపేది రెక్టిఫైయర్ యూనిట్. మెకానిక్కులు దీనినే ఆర్ఆర్ యూనిట్ అంటారు. లోపం ఈ మూడింటిలో ఎక్కడుందో తేల్చడానికి కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ మల్టీమీటరు చాలు.

రాత్రంతా కదలకుండా నిలిపిన బండిలో, తాళం తిప్పకుండా బ్యాటరీ రెండు కొసల మధ్య కొలిస్తే 12.6 వోల్టులకు తగ్గరాదు. 12 వోల్టులు చూపితే బ్యాటరీ దాదాపు ఖాళీ అయినట్టే. ఛార్జింగ్ పెట్టిన తర్వాత కూడా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక గది దెబ్బతిన్నదని అర్థం, ఇక మార్చక తప్పదు. బాగున్న బ్యాటరీని బిగించి, ఇంజిను స్టార్టు చేసి యాక్సిలరేటర్ కాస్త పెంచినప్పుడు మీటరు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. అంకె పెరగకుండా 12 వద్దే ఉంటే ఛార్జింగ్ అందడం లేదు. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ అదుపు తప్పినట్టు. బ్యాటరీలో నీరు త్వరగా తగ్గిపోవడం, బల్బులు వరుసగా మాడిపోవడం కూడా దీని గుర్తులే. 6 వోల్టుల బ్యాటరీ ఉన్న మరీ పాత బండ్లకు ఈ అంకెలను సగం చేసుకోవాలి.

కొందరు ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి, బండి ఆగలేదు గనుక ఛార్జింగ్ బాగుందని తేల్చేస్తుంటారు. ఇది పరీక్ష కాదు. పైన చెప్పినట్టు ఈ బండ్లు బ్యాటరీ లేకున్నా ఆగవు. పైగా వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి బల్బులు, ఆర్ఆర్ యూనిట్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ఎర్తు వైరే అసలు దొంగ

ఛార్జింగ్ అందడం లేదని తేలగానే కాయిల్ విప్పనవసరం లేదు. తొలుత ఫ్యూజును, బ్యాటరీ కొసలపై పేరుకున్న తెల్లటి పొడిని, ఫ్రేముకు బిగించిన ఎర్తు బోల్టును చూడాలి. బురదలో తిరిగి, నీటి ధారతో తరచూ కడిగే బండ్లలో ఎర్తు బోల్టు కింద తుప్పు పట్టడం సర్వసాధారణం. సైడ్ ప్యానెల్ లోపలి కప్లర్లు వేడికి గోధుమ రంగుకు మారినా, పిన్నులు వదులైనా కరెంటు అక్కడే ఆగిపోతుంది. ఇంజిను నడుస్తుండగా మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌పై, రెండోదాన్ని ఇంజిను లోహంపై ఉంచితే 0.2 వోల్టులకు మించి చూపకూడదు. మించితే బోల్టు విప్పి గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది బిగించాలి. ఇంటి చూరు కింద నిలిపే బండ్లలో వైర్లను ఎలుకలు కొరకడమూ ఉంది.

అవన్నీ సరిగా ఉంటే కాయిల్ వంతు. పాత స్ప్లెండర్‌లో మాగ్నెట్ నుంచి ఆర్ఆర్ యూనిట్‌కు వచ్చే తెల్ల వైరు ఛార్జింగ్‌కు, పసుపు వైరు హెడ్‌లైటుకు ఉద్దేశించినవి. కావున లైటు బాగా వెలుగుతున్నంత మాత్రాన ఛార్జింగ్ ఉన్నట్టు కాదు. యూనిట్ కప్లరు తీసి, తెల్ల వైరుకు, ఎర్తుకు మధ్య ఏసీ వోల్టేజి కొలవాలి. ఇంజిను వేగం పెంచిన కొద్దీ అంకె పెరగాలి. పెరిగితే కాయిల్ క్షేమం, అనుమానం ఆర్ఆర్ యూనిట్ మీదికి మళ్లుతుంది. ఈ కాయిల్ ఒక కొస ఇంజినుకే ఎర్తు అయి ఉంటుంది. అందువల్ల కాయిల్‌కు, బాడీకి మధ్య కరెంటు దారి కనిపిస్తే షార్టయిందని పొరబడకూడదు. మూడు పసుపు వైర్లుండే త్రీఫేజ్ బండ్లలో మాత్రం అలా కనిపిస్తే లోపమే.

నడిచినప్పుడు ఛార్జింగ్ బాగుండి, రెండు రోజులు నిలిపితే బ్యాటరీ దిగిపోయే బండ్లుంటాయి. తాళం తీసేసి, నెగెటివ్ వైరు విప్పి, వైరుకు బ్యాటరీకి మధ్య మీటరును ఆంపియర్ల వద్ద ఉంచి చూస్తే పాత బండ్లలో దాదాపు సున్నా చూపాలి. లేనిపక్షంలో ఆర్ఆర్ యూనిట్ కప్లరు తీసి చూడాలి. అంకె వెంటనే పడిపోతే లోపలి డయోడు లీకవుతున్నట్టే. ఇక నడిచేటప్పుడు కరెంటు తినేవి వేరు. వెనుక బ్రేకు స్విచ్చు స్ప్రింగు బిగుసుకుపోయి బ్రేకు లైటు దారి పొడవునా వెలుగుతూనే ఉండటం, పెడల్‌పై కాలు ఆనించి నడపడం, అదనపు హారన్లు, రంగు దీపాలు. 2.5 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీకి ఇవన్నీ మోయలేని బరువు.

ఛార్జింగ్ పెట్టించే చోట సైతం జాగ్రత్త అవసరం. ఈ చిన్న బ్యాటరీకి 0.25 ఆంపియర్ల చొప్పున పది గంటలకు పైగా నెమ్మదిగా ఎక్కించాలి. ట్రాక్టరు బ్యాటరీలతో వరుసగా కలిపి పెడితే వాటికి పోయే కరెంటే దీనికీ పోయి పలకలు దెబ్బతింటాయి. గదుల్లో నీరు తగ్గితే పై గీత వరకు డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ పోయరాదు.

కాయిల్ మార్చవలసి వస్తే మాగ్నెట్‌ను పుల్లరుతోనే తీయించాలి. సుత్తి దెబ్బలకు అయస్కాంతాలు పగిలే ప్రమాదముంది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల ఏర్పాటు వేరు గనుక వాటిపై ఈ పరీక్షలు చేయకుండా సర్వీసు కేంద్రానికే తీసుకెళ్లాలి.