ఆటగాని ఆగ్రహం – అధికారి బాధ్యత

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో తెలుగు పండితునిగా పనిచేసిన రోజుల్లో పిల్లల క్రికెట్టుకు అంపైరుగా నిలబడేవాణ్ణి. ఒకమారు రేపల్లెలో, అవుటిచ్చానని ఒక కుర్రవాడు బ్యాటు నేలకేసి కొట్టాడు. వాణ్ణి పోటీనుండే తప్పించాను. తప్పు నా తీర్పుదేనని తరువాత తెలిసింది.

మిత్రులారా, చరిత్రలోనూ ఇటువంటి ఉదంతమున్నది. 1936 ఇంగ్లండు పర్యటనలో భారతజట్టు నాయకుడు మన విజయనగర రాజకుమారుడు విజ్జీ. మైనర్ కౌంటీస్‌తో ఆటలో లాలా అమర్‌నాథ్‌ను ప్యాడ్లు కట్టించి, వరుసలో వెనక్కు నెట్టుతూ కూర్చోబెట్టారు. ఆయన చివరికి సామగ్రి విసిరికొట్టి, పంజాబీలో నాలుగు మాటలన్నాడు. నాయకుడు, మేనేజరు కలిసి మొదటి టెస్టుకు ముందే ఆయనను ఇంటికి పంపివేశారు. ఆనక విచారించిన బ్యూమంట్ సంఘం, బ్యాటింగు వరుసనైనా నిలకడగా ఉంచలేదని విజ్జీనే తప్పుపట్టింది. అప్పటికి మూడు టెస్టులూ ముగిశాయి.

2019లో ప్రపంచకప్‌కు ఎంపిక కాని మా గుంటూరు అంబటి రాయుడు, త్రీడీ కళ్ళద్దాలతో ఆట చూస్తానని ట్విట్టరులో ఎత్తిపొడిచాడు. బోర్డు చర్య తీసుకోలేదు. అదీ పెద్దరికం.

దూషణకు, దౌర్జన్యానికి శిక్ష ఉండవలసిందే. వట్టి ఉక్రోషమైతే, అధికారి ముందుగా తన తీర్పును తరచి చూసుకోవాలి. మరునాడు ఆ కుర్రవాని యెదుట తప్పొప్పుకున్నాను. పోటీ మాత్రం అప్పటికే ముగిసింది.