మాటకి ఫ్యాను, పాటకి చెమట

అయ్యకోనేరు గట్టు దిగి సందులోకి మళ్ళేసరికి సాయంత్రం ఆరున్నరయింది. మే నెల ఎండకి కాగిన గోడల సెగ ఇంకా తగ్గలేదు. మూడో ఇంటి అరుగు మీద ఇరవై జతల చెప్పులు, వాటి పక్కన గోడకి జారవేసిన చేతికర్ర. గుమ్మం మీద బోర్డు లేదు. టిక్కెట్టు లేదు. తలుపు తీసే ఉంది. విజయనగరంలో ఈ వీణ టీచరుగారింట్లో నెలకోసారి జరిగే కూడికకి పేరు కూడా పెట్టలేదెవరూ. వీధివాళ్ళు 'టీచరుగారి శనివారం' అంటారు, అంతే.

లోపల హాలు పన్నెండడుగుల వెడల్పుంటుందేమో. కింద చాపలు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పైన పాత ఫ్యాను గరగరలాడుతూ తిరుగుతోంది. స్విచ్ బోర్డు కింద ఇంటర్ చదివే కుర్రాడొకడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎప్పుడొచ్చినా వాడి చోటు అదే.

టీచరుగారు మఠం వేసుకుని వీణ అందుకున్నారు. బొబ్బిలి వీణ. కుండ కుడిపక్క నేల మీద ఆనింది, చిన్న బుర్ర ఎడమ తొడ మీద కుదురుకుంది. మైకు లేదు. బిరడా తిప్పుతూ శృతి చూసుకుంటున్నారు కానీ ఆ తీగ పలుకు నా దాకా రావడం లేదు. ఫ్యాను రొద దాన్ని మధ్యలోనే మింగేస్తోంది.

"ఒరే నాన్నా," అన్నారావిడ తలెత్తకుండానే.

కుర్రాడు స్విచ్ కట్టేశాడు. రెక్కలు ఒక్కో చుట్టు తగ్గుతూ తగ్గుతూ ఆగాయి. విసనకర్రలు ఒడిలోకి దిగాయి. అప్పుడు పడింది మొదటి మీటు. ఆ మోత అరిగి అరిగి ఎక్కడ ఆగిందో కూడా తెలిసింది. వీధి చివర సైకిల్ బెల్లు, వెనక వంటింట్లో కుళాయి బొట్టు, ఆ రెంటి మధ్యా ఈ షడ్జం. మాటలు నడిచినంతసేపూ గాలి, వీణ పలికినంతసేపూ చెమట. ఈ ఇంటి పద్ధతి ఇదే. ఒప్పుకున్నవాళ్ళే వస్తారు, వచ్చినవాళ్ళు మానరు.

వీణ గది వాద్యం. పెద్ద హాల్లో మృదంగం పక్కన నిలబడాలంటే దానికి మైకు సాయం కావాల్సిందే. అది తప్పని నేననను. మైకు పుణ్యమా అని కాకినాడ చిట్టిబాబుగారి వీణలోని కోయిల కూత వేలమందికి చేరింది. కానీ మీటిన తర్వాత తీగలో మిగిలే ఊపిరి ఉంటుంది చూడండి, ఎడమచేతి వేలు తీగని పక్కకి లాగినప్పుడు ఒక్క మీటు మీదే రెండు మూడు స్వరాలు జారుకుంటూ వస్తాయే, అది వినాలంటే మాత్రం ఇలా దగ్గరగా కూర్చోవాలి.

ఇవాళ తోడి. ఆలాపన పది నిమిషాలు నడిచిందో లేదో కుర్చీలోంచి రిటైరైన రైల్వే గార్డు గారు చెయ్యెత్తారు. ఇక్కడ మధ్యలో అడగొచ్చు. అడగాలనే టీచరుగారి కోరిక.

"అమ్మా, ఆ ఒక్కచోటికి వచ్చేసరికి గుండెల్లో ఏటో అవుతోంది. ఏటది?"

"గాంధారమండీ. ఇలా రండి, చూద్దురుగాని."

ఆయన కుర్చీ దిగి, మోకాలు పట్టుకుని చాప మీద కూర్చున్నారు. అందరం కాస్త ముందుకి జరిగాం. ఆవిడ ముందుగా గాంధారం మెట్టు మీద వేలుంచి తిన్నగా మీటారు. శుభ్రమైన స్వరం, నిలకడగా ఉంది. "ఇది గాంధారమే. కానీ తోడి కాదు," అన్నారు. వేలు కిందికి, రిషభం మీదికి దింపారు. మీటి, తీగని పక్కకి లాగి వదిలి, మళ్ళీ లాగారు. స్వరం మధ్యమాన్ని తాకబోయి వెనక్కి వాలి, మళ్ళీ లేచింది. రిషభానికీ మధ్యమానికీ నడుమ ఎక్కడా నిలవకుండా ఊగింది. "ఈ ఊగడమే తోడి గాంధారం. మెట్టు మీద దొరకదు. లాగి తెచ్చుకోవాలి." ఎడమచేతి వేళ్ళు తిప్పి చూపించారు. చూపుడు వేలి కొసనా, మధ్య వేలి కొసనా నల్లటి గాట్లు, నలభయ్యేళ్ళ తీగ రాసిన గీతలు.

గార్డు గారు ఆ వేళ్ళ వంక చాలాసేపు చూశారు. "మరొక్కసారి అమ్మా." ఆవిడ వాయించారు. నేను సభల్లో తోడి ఎన్నోసార్లు విన్నాను. ఆ గాంధారం ఎక్కడ పుడుతుందో కళ్ళతో చూసింది మాత్రం ఇక్కడే.

ఫ్యాను వేశారు. మరచెంబుతో మంచినీళ్ళు, పళ్ళెంలో తాటిముంజలు వచ్చాయి. ఇక మాటలు. ఈ ఊళ్ళో సంగీతం గురించి మాటొస్తే 1919 దాకా వెళ్ళకుండా ఆగదు. ఆ ఏడు మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. చదువుకుందామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని వయొలిన్ పంతులుగా కూర్చోబెట్టారని ఊరు నేటికీ చెప్పుకుంటుంది. అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. ఘంటసాల, సుశీల ఇక్కడే నేర్చుకున్నారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే, అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు తమకి తెలిసిన ముక్క కలుపుతారు. ఇంటి పెద్దల సంగతులు చెప్పుకున్నట్టే ఉంటుంది. నాకు బాగుంటుంది.

మూల కూర్చున్న పెద్దమనిషి ఇంతవరకూ పెదవి విప్పలేదు. బొబ్బిలి పక్క గొల్లపల్లి నుంచి బస్సులో వచ్చారు. వీణలు చేసే మనిషి. కుండా దండీ ఒకే పనస దుంగలోంచి తొలిచే ఊరు అది.

"టీచరుగారూ, ఆ పై గాంధారం పలకట్లేదండి," అన్నారు నెమ్మదిగా.

"నాకూ అనిపించిందండీ. ఎండలకి మైనం మెత్తబడింది."

వీణని చాప మీద పడుకోబెట్టారు. ఇరవైనాలుగు ఇత్తడి మెట్లూ నల్లటి మైనంలో కూర్చుని ఉన్నాయి. ఆయన సంచిలోంచి సన్నటి ఇనుపకమ్మి తీసి కొవ్వొత్తి మీద కాల్చారు. మెట్టు మొదట మైనానికి తాకించగానే తేనెపట్టు వాసన గదంతా కమ్ముకుంది. బొటనవేలితో మెట్టుని జరిపారు, వెంట్రుకవాసి. మీటి విన్నారు. తల అడ్డంగా ఊపి, అందులో సగం వెనక్కి తెచ్చారు. మళ్ళీ మీటబోయి ఫ్యాను వైపు చూశారు. కుర్రాడు అప్పటికే లేచాడు.

ఆ నిశ్శబ్దంలో ముసలాయన చెవి దండికి ఆనించి ఒక్క స్వరం విన్నారు. ఇరవైమందిమి ఊపిరి బిగబట్టి ఆయన మొహం చూస్తున్నాం. "ఇప్పుడు కూర్చుందండి," అన్నారు. కచేరీలో చప్పట్లు కొడతాం గానీ ఒక మెట్టు తన చోట కూర్చున్నందుకు ఇంతమంది సంతోషించడం నేను ఇంకెక్కడా చూడలేదు. టీచరుగారు ఆయనకి రెండు చేతులూ జోడించారు.

తర్వాత మోహన వాయించారు, గంట సేపు. చిన్నవేలు తాళం తీగల మీద ఆడుతుంటే చాపల మీద చేతులన్నీ తమంతట తామే లెక్క అందుకున్నాయి. బనీన్లు తడిసి వీపులకి అంటుకున్నాయి. ఎవరూ విసనకర్ర తీయలేదు.

ముగిసేసరికి తొమ్మిది దాటింది. గార్డు గారు చేతికర్ర కోసం తడుముకుంటున్నారు. టీచరుగారు వీణకి గుడ్డ కప్పబోయారు.

"టీచర్..." స్విచ్ బోర్డు కిందనుంచి గొంతు. ఇన్నాళ్ళలో ఆ కుర్రాడు నోరు తెరిచి ఏదైనా అడగడం నేనెరగను. "ఆ తోడి గాంధారం... నేనొకసారి లాగి చూడొచ్చా?"

ఆవిడ గుడ్డ పక్కన పెట్టి చాప మీద చోటిచ్చారు. వాడు చేతులు లాగుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఫ్యాను వేసే సంగతి ఎవరికీ గుర్తు లేదు.