తేలిక కవచం: దక్కన్ పోరు నుంచి ఎయిర్‌సాఫ్ట్ ఆట దాకా

దగ్గర నుంచి జరిగే పోరులో ఎంత రక్షణ కావాలి, అందుకు ఎంత బరువు మోయాలి అన్న ప్రశ్న దక్కన్‌కు కొత్తది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి ఆశ్వికులు పట్టుతోనూ వెల్వెట్‌తోనూ కుట్టిన మెత్తని అంగీలు తొడిగేవారని, వాటి లోపల గట్టి పచ్చితోలు పొరలు, కొన్నిటిలో ఇనుప రేకులు ఉండేవని వర్ణించాడు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా ఎగుమతి అయ్యేంత పేరు తెచ్చుకున్న నేలలో కూడా నిలువెల్లా ఉక్కు తొడుగు వాడుకలోకి రాలేదు. ఎండ తీవ్రత, గుర్రం వేగం, కత్తి తిప్పే చేతికి కావలసిన స్వేచ్ఛ ఇందుకు కారణాలని చెప్పడం సమంజసం. తరువాతి కాలపు ‘చార్ ఆయినా’ అనే కవచం రొమ్ముకూ వీపుకూ రెండు పక్కలకూ నాలుగు రేకులను కట్టి, ప్రాణాధారమైన భాగాలను కాపాడి, మిగిలిన దేహాన్ని కదలికకు విడిచిపెట్టింది.

ఈ వివేచన ఎయిర్‌సాఫ్ట్‌కు నేరుగా వర్తిస్తుంది. అసలు తుపాకిని పోలిన ఆటతుపాకితో, గాలి ఒత్తిడితో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్లను పేల్చే ఈ ఆట, పౌరులు తుపాకి ఉంచుకోవడంపై కఠినమైన ఆంక్షలున్న జపాన్‌లో 1970లలో పుట్టింది. 1991లో టోక్యో మారుయి సంస్థ విద్యుత్ మోటారుతో నడిచే నమూనాను విడుదల చేయడంతో అది విస్తరించింది. 2006లో అక్కడి చట్టాన్ని సవరించి, ఇటువంటి గుండు శక్తికి 0.98 జౌళ్ల పరిమితి పెట్టారు. 0.20 గ్రాముల గుండుకు అది సెకనుకు దాదాపు 99 మీటర్ల వేగం.

ఇంత స్వల్పమైన శక్తి చర్మాన్ని కందించగలదు గాని ఎముకను విరవలేదు. కంటిని మాత్రం శాశ్వతంగా పోగొట్టగలదు. అందువల్ల గదులు, మలుపులు, మెట్లు నిండిన ఇరుకు మైదానంలో సైనికుల బరువైన కవచాన్ని అనుకరించడం వృథా ప్రయాస. కంటి రక్షణతో పాటు మోకాలి రక్షణ, చేతి తొడుగులు, జారని బూట్లు, దంతాలను కాపాడే తేలికైన ముఖకవచం, నడుముకు ఒకటి రెండు చిన్న సంచులు చాలు. పొట్టి గొట్టం గల తుపాకి గుమ్మాలకు తగలకుండా తిరుగుతుంది.

కంటి విషయంలో హైదరాబాద్‌లోని మల్లాపూర్, నాచారం పారిశ్రామిక వాడల్లో కార్మికులు పెట్టుకునే రక్షణ కళ్లద్దాలు సరిపోతాయని అనుకోవడం ప్రమాదకరం. ‘ఈఎన్ 166’ అనే ఐరోపా ప్రమాణంలో ‘ఎఫ్’ శ్రేణి అద్దాన్ని 0.86 గ్రాముల ఉక్కు గుండుతో సెకనుకు 45 మీటర్ల వేగం వద్ద పరీక్షిస్తారు. ఆ దెబ్బ 0.87 జౌళ్లే కాబట్టి ఎయిర్‌సాఫ్ట్ గుండు దాన్ని మించిపోగలదు. సెకనుకు 120 మీటర్ల వేగానికి తట్టుకునే ‘బి’ శ్రేణి గాగుల్స్ సుమారు 6 జౌళ్లను ఆపుతాయి, పైగా ముఖానికి అతుక్కుని పక్కల నుంచి గుండును రానివ్వవు. హైదరాబాద్‌లో ఎక్కువగా పరిచయమున్న పెయింట్‌బాల్‌లో గుండు బరువు 3 గ్రాముల వరకు ఉండి, శక్తి 10 జౌళ్లు దాటగలదు కనుక, ఆ ఆటకు దాని కోసమే తయారైన ముసుగు తప్పనిసరి. ఈ ఆటల్లోకి అడుగుపెట్టే యువతీయువకులు తుపాకి కంటే ముందు కంటి రక్షణకే డబ్బు వెచ్చించాలి.